మోటారు సైకిలుకు గాలి స్ప్రింగు

ఎడ్ల బండిపై గతుకుల బాటను ప్రయాణము చేసినవారికి స్ప్రింగు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఆ బండి ఇరుసునకును, పై తొట్టికిని నడుమ వంగునది, సాగునది ఏదియు లేదు. చక్రము రాయి నెక్కిన దెబ్బ నేరుగా కూర్చున్నవాని వెన్నుపూసకు తగులును. జట్కా బండికి ఉక్కు కమానులు అమర్చిన తరువాత ఆ బాధ కొంత తగ్గినది. లారీల క్రింద నేటికిని కమాను కట్టలే కనిపించుచున్నవి. మోటారు సైకిలు వెనుక చక్రమునకు ఇరుప్రక్కల నిలిచియుండు రెండు షాకబ్జార్బరులును ఈ వంశమునకు చెందినవే.

ఒంటరిగా పోవునప్పుడు సుఖముగా సాగిన మోటారు సైకిలు, వెనుక మరియొక మనిషిని, రెండు పెట్టెలను ఎక్కించగనే వేరొక బండివలె ప్రవర్తించును. వెనుక భాగము క్రుంగిపోవును. చిన్న గోతిలో పడినను ఇనుము ఇనుమునకు తగిలిన చప్పుడు వినిపించును. మలుపులలో ముందు చక్రము తేలికపడినట్లు తోచును. దీనికి గట్టి స్ప్రింగులు వేయించిన చాలునని కొందరు తలతురు. కాని గట్టి స్ప్రింగులు వేసిన బండిపై ఒంటరిగా పోయినచో మరల ఎడ్ల బండి ప్రయాణమే అగును. డెబ్బది కిలోల మనిషికిని, అంతకు రెట్టింపు బరువునకును ఒకే స్ప్రింగు ఎట్లు సరిపోవును? రెండు నిమిషములలో తన గట్టిదనమును మార్చుకొనగల స్ప్రింగు ఉన్నచో ఈ చిక్కు తీరును. అట్టి స్ప్రింగు కలదు. అది మన చుట్టునున్న గాలియే.

స్ప్రింగు పని, నూనె పని

షాకబ్జార్బరులో రెండు వేర్వేరు పనులు జరుగుచుండును. బయటకు కనిపించు ఉక్కు చుట్ట బండి బరువును మోయును. గతుకు తగిలినప్పుడు అది నొక్కుకొని, ఆ శక్తిని దాచుకొని, మరుక్షణమే తిరిగి ఇచ్చివేయును. ఇచ్చివేయుటయే కాని పోగొట్టుట స్ప్రింగునకు చేతకాదు. స్ప్రింగు ఒక్కటియే ఉన్నచో ఒక్క గతుకు దాటిన తరువాత బండి చాల దూరము వరకు ఊగుచునే ఉండును. ఆ ఊపు నణచుట లోపలి గొట్టములోని నూనె పని. పిస్టను కదలునపుడు నూనె సన్నని రంధ్రముల గుండ బలవంతముగా దూరిపోవును. ఆ రాపిడిలో ఊపు శక్తి వేడిగా మారి బయటకు పోవును. దూరప్రయాణము చేసి వచ్చిన బండి షాకబ్జార్బరు తాకి చూచిన వెచ్చగా నుండుటకు కారణమిదియే.

ఈ రెండు పనుల భేదమును గుర్తుంచుకొనుట ముఖ్యము. గాలి షాకబ్జార్బరులో గాలి చేయునది స్ప్రింగు పని మాత్రమే. ఊపు నణచుటకు అందులోను నూనె కావలసినదే.

ఒక లెక్కను తీసికొందము. ఒక్కొక్క స్ప్రింగును ఒక సెంటీమీటరు నొక్కుటకు 15 కిలోల బరువు కావలెననుకొందము. రెండింటికి కలిపి 30 కిలోలు. వెనుక చక్రము పైకి క్రిందికి కదలుటకు గల అవకాశము 9 సెం.మీ. నడుపువాడు ఒక్కడే కూర్చున్నప్పుడు 3 సెం.మీ. క్రుంగి, 6 సెం.మీ. మిగులును. గతుకులను మ్రింగుటకు ఇది చాలును. ఇప్పుడు వెనుక భాగముపై మరి 90 కిలోలు పడినవి. స్ప్రింగులు ఇంకను 3 సెం.మీ. క్రుంగును. మిగిలిన దూరము 3 సెం.మీ. మాత్రమే. బరువు పెరిగినది, దానిని ఆపవలసిన దూరము సగమునకు తగ్గినది. ఇనుము ఇనుమునకు తగులుట ఇందుచేతనే.

చాల బండ్లలో స్ప్రింగు క్రింద మెట్లుగల ఉంగరమొకటి ఉండును. దానిని పానాతో త్రిప్పిన స్ప్రింగు ముందుగనే కొంత నొక్కుకొని బండి వెనుక భాగము పైకి లేచును. ఇది మంచి ఏర్పాటే. కాని స్ప్రింగు గట్టిదనము దీనివలన పెరుగదు. అది పూర్వమువలె సెంటీమీటరునకు 15 కిలోలే. ఆ మెట్లును కొన్ని మాత్రమే ఉండును.

గాలికి స్ప్రింగు గుణము

గాలిని స్ప్రింగుతో పోల్చుట క్రొత్త సంగతి కాదు. రాబర్టు బాయిలు 1660 లో ప్రకటించిన గ్రంథము పేరులోనే "గాలి స్ప్రింగు" అను మాట కలదు. ఉష్ణోగ్రత మారనప్పుడు గాలి ఘనపరిమాణము సగమైనచో పీడనము రెట్టింపగునను నియమమును ఆయన 1662 లో వెల్లడించెను.

సైకిలు పంపు ఉన్న ఇంట ఈ నియమమును ఎవరైనను పరీక్షింపవచ్చును. పంపు పిడిని పైకి లాగి, క్రింది రంధ్రమును వ్రేలితో గట్టిగా మూసి, పిడిని నొక్కవలెను. మొదట పిడి సులభముగా దిగును. పోను పోను గట్టిపడును. చివర ఎంత బలము చూపినను కదలదు. చేయి వదలగనే పిడి తిరిగి పైకి లేచును. లోపలి గాలి స్తంభము 20 సెం.మీ. పొడవున్నప్పుడు పీడనము వాతావరణ పీడనమే, అనగా చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలో. స్తంభము 10 సెం.మీ. అయినచో 2 కిలోలు, 5 సెం.మీ. అయినచో 4, రెండున్నర సెం.మీ. అయినచో 8. మొదటి 10 సెం.మీ. దిగుటలో ఒక కిలో మాత్రమే పెరిగిన పీడనము, చివరి రెండున్నర సెంటీమీటర్లలో నాలుగు కిలోలు పెరిగినది. ఉక్కు చుట్ట మొదటినుండి చివరివరకు ఒకే తీరున గట్టిగా నుండును. గాలి మాత్రము నొక్కిన కొలది మొండికెత్తును. చిన్న గతుకునకు మెత్తగా, పెద్ద గోతికి గట్టిగా నుండవలసిన స్ప్రింగునకు ఇంతకన్న మంచి గుణము మరియొకటి లేదు.

నిజమునకు గాలి స్ప్రింగు ప్రతి బండిలోను ఇదివరకే ఉన్నది. అది టైరు. రాబర్టు విలియం థామ్సను 1845 లో గాలి టైరుకు పేటెంటు పొందెను. అది మరుగున పడిన తరువాత జాన్ బాయిడ్ డన్లపు 1888 లో దానిని మరల కనుగొని వాడుకలోనికి తెచ్చెను. దూరప్రయాణముల వోల్వో బస్సులలో ఇరుసుల మీద రబ్బరు గాలి సంచులు ఉండును. ప్రయాణికులు ఎక్కిన కొలది వాల్వులు సంచులలోనికి గాలిని పంపి బస్సు ఎత్తు మారకుండ చూచును. మోటారు సైకిలు గాలి షాకబ్జార్బరు సూత్రమును ఇదియే. కాని ఇక్కడ వాల్వు పని సాధారణముగా మనిషే చేయవలెను.

విమానమునుండి మోటారు సైకిలునకు

విమానము నేల దిగునపుడు చక్రముల కాళ్ళకు తగులు దెబ్బ అంతయింత కాదు. దానిని గాలియు నూనెయు కలిసియున్న కాళ్ళతో ఆపు పద్ధతి విమాన నిర్మాతలకు చిరకాలముగా తెలియును. ఇంగ్లండులో జార్జి డౌటీ స్థాపించిన సంస్థ ఇట్టి కాళ్ళను తయారుచేయుచుండెను. వెలోసెట్టు సంస్థవారు 1936 లో తమ పందెపు మోటారు సైకిళ్ళ వెనుక చక్రమునకు ఈ జాతి కాళ్ళను అమర్చిరి. ఆ సంస్థవారు 1939 కి విడుదల చేసిన కె.టి.టి. ఎనిమిదవ రకములో ఉక్కు చుట్ట లేనే లేదు. వెనుక భాగమును మోసినది గాలి, ఊపు నణచినది నూనె.

1970 ల దశకములో ఈ పద్ధతి అమెరికాలో మరల తలయెత్తినది. గుట్టలపై ఎగిరిదూకు మోటోక్రాసు పందెములకు ఫాక్సు సంస్థవారు గాలి షాకబ్జార్బరులను తయారుచేసిరి. వానితో కెంట్ హవర్టను 1976 లో అమెరికా 500 సి.సి. జాతీయ పందెమును గెలిచెను.

పందెములు చూడని సామాన్యులకు గాలి అక్కరకు వచ్చినది దూరప్రయాణపు బండ్లలో. హోండా గోల్డు వింగు మొదటి రకము 1975 నాటిది. దాని వెనుక ఉక్కు చుట్టల షాకబ్జార్బరులే ఉండెను. యజమానులు దానికి ముందు పెద్ద గాలి తెరను, వెనుక పెట్టెలను బిగించి, భార్యను వెంటబెట్టుకొని వేల మైళ్ళు తిరుగసాగిరి. బరువు పెరిగినది, వెనుక భాగము క్రుంగినది. బజారులో దొరకు గాలి షాకబ్జార్బరులను కొని పాతవాని స్థానమున బిగించుకొనుట వారిలో వాడుకయ్యెను. 1980 లో వచ్చిన 1100 సి.సి. గోల్డు వింగునకు నిర్మాతలే ముందు వెనుకల గాలి సహాయమును కల్పించిరి. 1988 నాటి 1500 సి.సి. రకములో బండిలోనే చిన్న కంప్రెసరు ఉండెను. మీట నొక్కిన చాలును. అయితే 2001 లో వచ్చిన 1800 సి.సి. రకములో నిర్మాతలు వెనుక గాలిని విడిచి, ఉక్కు స్ప్రింగును విద్యుత్తుతో బిగించు పద్ధతికి మరలిరి. కనుక గాలి ఒక్కటియే మార్గమని కాదు. చేతిలోనున్న పాత బండిని తక్కువ శ్రమతో బరువునకు తగినట్లు సరిచేసికొనుటకు అది మంచి మార్గము.

గాలి మోయు బరువెంత?

ఇట్టి షాకబ్జార్బరులలో పెక్కింట ఉక్కు చుట్టయు ఉండును, గాలియు ఉండును. చుట్ట నడుపువాని బరువును మోయును. అదనపు బరువు గాలి వంతు. గాలి గది వ్యాసము 4 సెం.మీ. అనుకొందము. దాని వైశాల్యము సుమారు 12.6 చ.సెం.మీ. మీటరు 3.5 కిలోల పీడనమును చూపునట్లు గాలి నింపినచో ఒక్కొక్క షాకబ్జార్బరు 44 కిలోలను ఎత్తును. రెండును కలిసి 88 కిలోలు. పైని చెప్పిన 90 కిలోల బరువు దాదాపుగా తీరినది. క్రుంగిన 3 సెం.మీ. తిరిగి చేతికి వచ్చినది.

గోతిలో పడినప్పుడు ఏమగునో చూతము. గాలి స్తంభము 10 సెం.మీ. ఉన్నదనుకొని, చక్రము 6 సెం.మీ. పైకి దూసుకువచ్చినచో స్తంభము 4 సెం.మీ. అగును. లెక్కకు మీటరు చూపు 3.5 నకు వాతావరణపు 1 కిలోను కలుపవలెను. 4.5 కిలోలున్న పీడనము 11.25 అగును. వాతావరణపు కిలోను తీసివేయగా 10.25. ఒక్కొక్క ప్రక్క గాలి చూపు బలము 44 నుండి సుమారు 129 కిలోలకు పెరిగినది. వేగముగా నొక్కినప్పుడు గాలి వేడెక్కుటచేత బలము ఇంకను ఎక్కువగనే ఉండును. ఇనుము ఇనుమునకు తగులకుండ అడ్డుపడునది ఈ పెరుగుదలయే. ఇంటికి చేరి బరువు దింపిన తరువాత గాలిని తగ్గించినచో బండి మరల మెత్తబడును.

అమర్చునప్పుడు చూడవలసినవి

క్రొత్త షాకబ్జార్బరు పొడవు పాతదానితో సమానముగా నుండవలెను. పై కంటినుండి క్రింది కంటి వరకు కొలిచి చూడవలెను. పొడవు మారినచో బండి వాలు మారును, గొలుసు బిగువు మారును. కంటి రంధ్రములు, బుష్‌లు బోల్టులకు సరిగా కుదురవలెను. గాలి గది పాత గొట్టముకన్న లావుగా నుండవచ్చును. అది గొలుసు కవచమునకు గాని, సైలెన్సరునకు గాని, పెట్టెల చట్రమునకు గాని రాసుకొనరాదు.

బండిని సెంటరు స్టాండుపై నిలిపి, చక్రము క్రింద చెక్కదిమ్మె పెట్టి, ఒక ప్రక్కది విప్పి క్రొత్తది బిగించిన తరువాతనే రెండవ ప్రక్కను తాకవలెను. రెండును ఒకేసారి విప్పినచో చక్రము జారి పడును. రెండింటిని కలుపు సన్నని గాలి గొట్టము సైలెన్సరు వేడికిని, గొలుసుకును దూరముగా పోవలెను. ఈ గొట్టమువలన ఇరుప్రక్కల పీడనము సమానముగా నుండును. ఒక ప్రక్క గట్టిగాను, మరియొక ప్రక్క మెత్తగాను ఉన్న బండి మలుపులో మెలితిరుగును. అయితే ఈ గొట్టమువలన ఒక లోపమును కలదు. ఒకచోట లీకైనచో రెండు ప్రక్కల గాలియు పోవును. బిగింపు పూర్తియైన తరువాత కలయికలపై సబ్బు నీళ్ళు పూసి బుడగలు వచ్చునేమో చూడవలెను. పంక్చరు వేయువాడు ట్యూబును నీళ్ళలో ముంచి చూచునది ఈ పరీక్షయే.

గాలి కొట్టు పద్ధతి

గాలి గది చాల చిన్నది. పై లెక్క ప్రకారము 126 ఘన సెంటీమీటర్లు మాత్రమే, అనగా ఒక టీ గ్లాసెడు. పెట్రోలు బంకులోని కంప్రెసరు గొట్టమును దీనికి తగిలించినచో రెప్పపాటులో పీడనము హద్దు దాటి సీళ్ళు చెడిపోవచ్చును. దీనికి సన్నని చేతిపంపు కావలెను.

మీటరు తగిలించుటలోను జాగ్రత్త అవసరము. మీటరు గొట్టములో 6 ఘన సెంటీమీటర్ల చోటు ఉన్నదనుకొందము. తగిలించగనే ఆ చోటును నింపుటకు గాలి పోవును. మీటరు చూపవలసిన 3.5 నకు బదులు 3.3 మాత్రమే చూపును. తీసి మరల తగిలించిన కొలది ఇంకను తగ్గును. లారీ టైరులో ఈ భేదము ఎవరికిని తెలియదు. ఇక్కడ అది లెక్కలోనికి వచ్చును. కనుక మీటరుగల పంపునే వాడుట మేలు.

ఎంత గాలి నింపవలెనో తెలియుటకు సులభమైన కొలత కలదు. చక్రము నేలకు తగులకుండ నున్నప్పుడు ఇరుసునుండి సీటు క్రింది గుర్తు వరకు కొలువవలెను. తరువాత మనుషులు, సామాను ఎక్కిన మీదట అదే దూరమును వేరొకరిచే కొలిపింపవలెను. రెండింటి భేదము చక్రము కదలు మొత్తము దూరములో నాలుగవ వంతునకును, మూడవ వంతునకును నడుమ ఉన్నచో గాలి సరిపోయినట్లే. నిర్మాత వ్రాసిన కనిష్ఠ పీడనమునకు తక్కువ కాని, గరిష్ఠమునకు ఎక్కువ కాని పోరాదు.

ఎండ ప్రభావమును గమనింపదగినది. తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో 3.5 కిలోలు నింపిన గాలి, మధ్యాహ్నము 45 డిగ్రీలకు వేడెక్కినచో దాదాపు 4 కిలోలు చూపును. గతుకుల బాటను చాలసేపు పోయినప్పుడు నూనె వేడియు దీనికి తోడగును. అందుచేత బండి చల్లబడియున్నప్పుడే గాలి చూచుట పద్ధతి.

గాలి చేయలేని పనులు

నూనె కారిపోయిన పాత షాకబ్జార్బరు లోపమును గాలి తీర్చజాలదు. గాలి ఎక్కువ నింపిన కొలది స్ప్రింగు గట్టిపడి, తిరిగి విసరు బలము పెరుగును. దానిని అణచుటకు నూనె చాలనిచో బండి గతుకు గతుకునకు ఎగురును. గాలిని నిలిపి ఉంచవలసిన సీళ్ళు గట్టిగా పట్టియుండుటచేత చాల చిన్న గతుకులను కొన్ని గాలి షాకబ్జార్బరులు లెక్కచేయవు. నున్నని రోడ్డుపై కూడ సన్నని అదురు తెలియవచ్చును.

అన్నింటికన్న ముఖ్యమైనది మరియొకటి. క్రుంగిన బండి తన భారమును చూచినవారికి తానే చెప్పును. గాలి నింపిన బండి చెప్పదు. అది నిటారుగా నిలిచి, ఎంత బరువైనను మోయగలనన్నట్లు కనిపించును. గాలి బండిని ఎత్తును కాని బరువును తగ్గింపదు. టైరు మోయగల బరువు మారలేదు. బ్రేకు ఆపవలసిన బరువు మారలేదు. చట్రపు అతుకులు, చక్రపు పుల్లలు, బేరింగులు వెనుకటివే. పాలక్యానులు కట్టుకొని తెల్లవారకముందే పట్నమునకు బయలుదేరు వానికైనను, భార్యాబిడ్డలను ఎక్కించుకొని పెండ్లికి పోవు వానికైనను ఇది ప్రాణములకు సంబంధించిన విషయము. నిర్మాత బండికి నిర్ణయించిన గరిష్ఠ బరువు గాలి నింపిన తరువాతను గరిష్ఠ బరువే.

ఆ హద్దు లోపల గాలి చేయు మేలు తక్కువది కాదు. వెనుక భాగము 3 సెం.మీ. క్రుంగిన బండిలో, ఇరుసుల నడుమ దూరము 150 సెం.మీ. అయినచో, దీపపు వెలుగు 30 మీటర్ల దూరమున 60 సెం.మీ. పైకి లేచును. ఎదురుగా వచ్చువాని కన్నులు చెదరును, తన ముందున్న గుంత తనకు కనిపించదు. వెనుక భాగమును సరియైన ఎత్తున నిలిపినచో ఈ రెండు ప్రమాదములును తప్పును.

గ్యాసు వేరు, గాలి వేరు

మన వీధులలో పెక్కు మోటారు సైకిళ్ళ వెనుక షాకబ్జార్బరులకు ప్రక్కన చిన్న డబ్బా వంటిది కనిపించును. రాయల్ ఎన్‌ఫీల్డు క్లాసిక్ వంటి బండ్లతో వచ్చిన ఈ రకమును గ్యాసు షాకబ్జార్బరు అందురు. పేరు చూచి ఇదియు గాలి స్ప్రింగేయని భ్రమపడరాదు. ఇందులోని వాయువు నూనెను ఎల్లప్పుడు ఒత్తి ఉంచి, నురగ కట్టకుండ చేయును. నురగ కట్టిన నూనె రంధ్రములగుండ సులభముగా జారిపోయి ఊపు నణచలేదు. బరువు మోయు పని ఇక్కడ ఉక్కు చుట్టదే. దానిలోని వాయువును మార్చుట యజమాని పని కాదు. ఎక్కువ పీడనముతో మూసియున్న ఆ డబ్బాను విప్పుట గాని, రంధ్రము చేయుట గాని, వేడిచేయుట గాని అపాయకరము.

గాలి షాకబ్జార్బరు కొనదలచినవాడు ముందు తన అవసరమును కొలుచుకొనవలెను. ఎల్లప్పుడు ఒంటరిగా పోవువానికి మంచి ఉక్కు చుట్టయు, చెడిపోని నూనెయు చాలును. ఎల్లప్పుడు ఒకే బరువుతో పోవువానికి ఆ బరువునకు తగిన స్ప్రింగు చాలును. ఒకనాడు ఒంటరిగా, మరునాడు ఇద్దరుగా, సామానుతో పోవువానికి గాలి పనికివచ్చును. అట్టివాడు బయలుదేరుటకు ముందు టైరు గాలి చూచినట్లే షాకబ్జార్బరు గాలిని కూడ చూచుకొనుట అలవాటు చేసికొనవలెను.